రోముకు పోయే ముందు ఫణిగిరి

పిల్లల్ని ఇటలీ తీసుకెళ్లి క్రైస్తవ కళాచరిత్ర చూపించాలన్న ఆలోచన మా స్కూల్లో మొదలైనప్పటి నుంచీ నా టెన్షన్ డబ్బుల గురించి కాదు, చూడాల్సిన చోట్ల లిస్టు గురించి. ట్రావెల్స్ వాళ్లు పంపిన కాగితంలో రోము, పీసా, ఫ్లోరెన్స్, వెనిస్, మిలాన్ ఉన్నాయి. అక్కణ్నుంచి స్విట్జర్లాండు మంచు, చివర్లో పారిస్. వాటికన్‌కు ఒక పూట ఇచ్చారు. పైన పెద్ద అక్షరాల్లో 'క్రిస్టియన్ ఆర్ట్ స్పెషల్' అని వేశారు. ఆ కాగితం ప్రకారం తిరిగొచ్చిన పిల్లవాణ్ని ఏం చూశావురా అని అడిగితే బస్సు గురించి చెప్తాడు. వాడి తప్పేం లేదు. ఎక్కువసేపు చూసింది దాన్నే కదా.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. నల్గొండలో. నా వాదన చిన్నదే. కళాచరిత్ర కోసమే అయితే రెండు ఊళ్లు చాలు, రోము, రవెన్నా. చూడాల్సినవి ఎక్కువగా మూడో శతాబ్దం నుంచి ఆరో శతాబ్దం దాకా ఉన్నవి. మైకెలాంజిలో బొమ్మలు చివరి రోజు చూస్తే చాలు. ఇక అసలు ప్రయాణం ఎయిర్‌పోర్టులో కాదు, సూర్యాపేట జిల్లాలో పాత బౌద్ధ స్తూపం ఉన్న ఫణిగిరి గుట్ట మీద మొదలవ్వాలి. ఈ చివరి మాటకే స్టాఫ్‌రూంలో నవ్వారు. "మేడం, బుద్ధుడికీ ఏసుకీ ఏం సంబంధం?" అన్నారు. సంబంధం ఉంది. అందుకే ఇంత రాస్తున్నాను.

కళాచరిత్ర అంటే పేర్లూ తేదీలూ కాదని పిల్లలకు చెప్తుంటాం గానీ, వాళ్ల చేతికి ఒక ప్రశ్న ఇవ్వకపోతే చివరికి మిగిలేవి అవే. ఈ ప్రయాణానికి నేను ఇవ్వాలనుకుంటున్న ప్రశ్న ఇది: ముందెవరూ గీయని దేవుణ్ణి మొదటిసారి గీయాల్సి వస్తే ఎట్లా గీస్తారు? బైబిల్లో ఏసు కథ చెప్పే సువార్తల్లో ఆయన ఎత్తు, రంగు, జుట్టు, గడ్డం గురించి ఒక్క ముక్క లేదు. క్రైస్తవం పుట్టింది యూదుల మధ్య. విగ్రహం చేసుకోవద్దన్న ఆజ్ఞ వాళ్ల ధర్మశాస్త్రంలోనే ఉంది. చుట్టూ ఉన్న రోమన్ ప్రపంచంలోనేమో ఎటు చూసినా దేవుళ్ల విగ్రహాలే. ఇట్లాంటి చోట చిత్రకారుడు గోడ ముందు నిలబడితే అతని చెయ్యి ఎటు పోతుంది?

ఈ ప్రశ్న మన నేలకు కొత్తది కాదు. తొలి బౌద్ధ శిల్పాల్లో చాలా చోట్ల బుద్ధుడు మనిషి రూపంలో కనబడడు. ఖాళీ సింహాసనం ఉంటుంది. పాదాలుంటాయి, చక్రం ఉంటుంది, బోధివృక్షం ఉంటుంది. చుట్టూ జనం చేతులు జోడించి ఉంటారు. ఎందుకట్లా చెక్కారన్న దాని మీద పండితుల వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. తర్వాత మెల్లగా మనిషి రూపం వచ్చింది. కృష్ణా తీరంలో, మూడో శతాబ్దం ప్రాంతంలో ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలానికి, గుర్తులూ రూపమూ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. పాత నల్గొండ జిల్లాలో ఆ కాలానికి సాక్ష్యం ఫణిగిరి. గుట్ట మీద మహాస్తూపం, విహారాలు, చైత్యాలు, బుద్ధపాదాలు, చెక్కిన తోరణం ముక్కలు దొరికాయి. ఆ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లొచ్చాయి. మా క్లాసులో ఫణిగిరి చూసినవాళ్లు చేతులెత్తండి అంటే ఒక్క చెయ్యి లేవలేదు.

అందుకే ముందు అక్కడికి అంటున్నాను. ఖాళీ సింహాసనం బొమ్మ ముందు పిల్లల్ని కూర్చోబెట్టి "ఇక్కడ ఎవరున్నారు?" అని అడగాలి. ఎవరూ లేరంటారు. మరి వీళ్లంతా ఎవరికి దండం పెడుతున్నారని అడగాలి. ఆ రెండో ప్రశ్నకు వాళ్లు తడుముకునే కాసేపట్లో నేర్చుకునేది ఏ ఆడియో గైడూ చెప్పలేదు. గుట్ట మీద ఇప్పుడు అన్నీ లేవు, కొన్ని మ్యూజియాలకు పోయాయి, అది నిజమే. ఫొటోలు ప్రింటు తీసుకుని పోతాం. చోటు అయితే అదే కదా.

ఇంకో ముడి కూడా ఉంది. మన నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో రోమన్ వెండి నాణేల కుప్ప దొరికింది. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల నాణేలు. ఏసును సిలువ వేసినప్పుడు రోములో రాజ్యం చేస్తున్నది ఆ టైబీరియస్సే. "కైసరువి కైసరుకు" అన్న సువార్త కథలో ఏసు చేతికిచ్చిన దేనారం కూడా టైబీరియస్‌దే అయ్యుంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. అంటే బైబిల్లో వినబడే నాణెం లాంటిది మన జొన్నచేల కింద దొరికింది. రోము మనకు ఎంత దూరమో చెప్పడానికి మ్యాపు తీయాల్సిన పని లేదు. మిరియాలకూ బట్టలకూ వాళ్లు ఇక్కడికొచ్చి రెండు వేల ఏళ్లయింది. ఇప్పుడు మనం గల్ఫ్ మీదుగా రెండు విమానాలు మారి పోతున్నాం, అంతే తేడా.

రోములో మొదట దిగాల్సింది భూమి కిందికి. సలారియా రోడ్డు మీద ప్రిసిల్లా కాటకాంబు. మెత్తటి అగ్నిపర్వత రాయిని తొలిచి, సొరంగాల గోడల్లో అరలు అరలుగా శవాలను పెట్టిన శ్మశానం. లోపలికి గైడుతోనే పోవాలి, ఫొటోలు తీయనివ్వరు. ఈ రెండో నిబంధన నాకు పండగే. మూడో శతాబ్దపు ఆ గోడల మీద ఏసు ముఖం వెతికితే దొరకదు. భుజాల మీద గొర్రెను మోస్తున్న గడ్డం లేని కుర్రాడు దొరుకుతాడు. మంచి కాపరి. ఆ బొమ్మను క్రైస్తవులు పుట్టించలేదు. గొర్రెను మోసే కుర్రాడు గ్రీకు, రోమన్ కళలో ముందు నుంచీ ఉన్నవాడే. తమ దేవుడికి సరిపోయే బొమ్మ బజారులో అప్పటికే ఉంటే దాన్నే తీసుకున్నారు. చేప, లంగరు, చేతులు పైకెత్తి ప్రార్థించే మనిషి, తిమింగలం కక్కిన తర్వాత తీగ నీడన పడుకున్న బైబిలు ప్రవక్త యోనా, అన్నీ అట్లాంటివే. మా కురుమ పిల్లల తాతలు మేకపిల్లను మోసేదీ ఇట్లనే. ఆ బొమ్మను మా పిల్లలకు విడమర్చి చెప్పాల్సిన పని ఉండదు.

ఇదే కాలానిది సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున దూరా యూరోపోస్ అనే ఊరు. అక్కడ ఒక ఇంటిని చర్చిగా మార్చుకున్నారు. ఊరు 256 ప్రాంతంలో యుద్ధంలో పోయింది. మట్టి కప్పేయడంతో గోడ బొమ్మలు నిలిచాయి. 1930లలో తవ్వి తీసి అమెరికాలోని యేల్ యూనివర్సిటీకి తరలించారు. పక్షవాతం మనిషిని నడిపించడం, నీళ్ల మీద నడవడం, అక్కడే కాపరి కూడా. మనం అక్కడికి పోలేం గానీ క్లాసులో చూపించకుండా రోము చూపిస్తే కథ సగమే.

ఇక సిలువ. క్రైస్తవం అనగానే మనందరికీ కళ్లముందు నిలిచేది అదే. కానీ మొదటి నాలుగు శతాబ్దాల్లో సిలువ మీద వేలాడుతున్న క్రీస్తును క్రైస్తవులు దాదాపు గీయలేదు. రోములో పాలటైన్ కొండ మీద దొరికిన ఒక గోడగీతలో గాడిద తల మనిషి సిలువ మీద ఉంటాడు. కింద "అలెక్సామెనోస్ తన దేవుణ్ని కొలుస్తున్నాడు" అని రాసి ఉంటుంది. ఎవడో తోటివాణ్ని ఎగతాళి చేయడానికి గీకిన గీత. మనకు మిగిలిన తొలి సిలువ బొమ్మల్లో అదొకటి. సిలువ అంటే అప్పట్లో బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే అవమానకరమైన శిక్ష. అది కళ్లముందు అమలవుతున్న కాలంలో దాన్ని చర్చి గోడకెక్కించాలని ఎవరికీ అనిపించలేదేమో. చర్చిలో అందరికీ కనబడేలా పెట్టిన తొలి సిలువ దృశ్యాల్లో ఒకటి అవెంటైన్ కొండ మీది శాంతా సబీనా చర్చి తలుపు మీద ఉంది. 430 ప్రాంతంలో చెక్కిన చెక్క తలుపు. అందులోనూ సిలువ సరిగా కనబడదు. చేతులు చాచి నిలబడ్డ ముగ్గురు కనబడతారు. టికెట్టు లేదు, క్యూ లేదు, ట్రావెల్స్ కాగితంలో ఆ పేరే లేదు.

313లో రోమన్ చక్రవర్తులు కాన్‌స్టంటైన్, లిసీనియస్ కలిసి క్రైస్తవానికి స్వేచ్ఛ ఇచ్చాక బొమ్మ మారిపోయింది. శాంతా పుడెంజియానా చర్చిలో, 400 ప్రాంతపు మొజాయిక్‌లో (చిన్న చిన్న రంగు ముక్కలు గోడకు అతికించి చేసే బొమ్మ), క్రీస్తు నగల సింహాసనం మీద బంగారు బట్టల్లో, గడ్డంతో, పెద్దమనిషిలా కూర్చుని ఉంటాడు. ఆయన శిష్యులైన అపొస్తలులు దర్బారులో మంత్రుల్లా ఇటూ అటూ ఉంటారు. వందేళ్ల కిందటి కాపరి కుర్రాడు ఏమయ్యాడు? రాజు కొలిచే దేవుడు రాజులా కాక ఎట్లా ఉంటాడు అని ఒక పదో తరగతి అమ్మాయి అంటే నాకు చాలు. ఆ వాక్యం ఆమెతో అనిపించడానికే ఈ వరుస అంతా.

రవెన్నాకు రోము నుంచి బొలోన్యా మీదుగా రైలు. చిన్న ఊరు. 402లో పశ్చిమ రోమన్ సామ్రాజ్యానికి రాజధాని అయింది, ఆ తర్వాత గోత్ తెగ రాజు థియొడొరిక్‌కు, ఆపైన బైజాంటియం వాళ్లకు, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం వాళ్లకు. ముగ్గురూ గోడలకు మొజాయిక్ చేయించారు. ఎనిమిది కట్టడాలను 1996లో యునెస్కో జాబితాలో చేర్చారు. మొజాయిక్ ఎట్లా పనిచేస్తుందో పిల్లలకు ముందే చెప్పాలి. బంగారు ముక్క అంటే రెండు గాజు పొరల మధ్య బంగారు రేకు. ముక్కలన్నీ చదునుగా పెట్టరు, ఒక్కోటి కొంచెం వాలుగా పెడతారు. మనిషి కదిలితే వెలుగు కదులుతుంది. ఫోనులో తీసిన ఫొటోలో ఇది రాదు. అంత దూరం పోవడానికి గట్టి కారణం నాకు కనబడేది ఇదొక్కటే. మిగతావన్నీ చాలావరకు మంచి పుస్తకంలోనూ చూడొచ్చు.

ఇక్కడే ఏరియన్ బాప్టిస్టరీ ఉంది. బాప్టిస్టరీ అంటే బాప్తిస్మం ఇచ్చే మందిరం. ఏరియన్లంటే క్రీస్తు తండ్రి దేవుడితో సమానుడు కాడన్న క్రైస్తవులు, థియొడొరిక్ వాళ్లలోవాడే. గుమ్మటం నడుమ గడ్డం లేని క్రీస్తు బాప్తిస్మం తీసుకుంటుంటాడు. పక్కన ముసలివాడి రూపంలో యోర్దాను నది కూర్చుని ఉంటుంది. చుట్టూ అపొస్తలులు వరుసగా నడిచి ఒక సింహాసనం దగ్గరికి పోతుంటారు. ఆ సింహాసనం మీద ఎవరూ లేరు. మెత్త ఉంది, ఊదారంగు బట్ట ఉంది, సిలువ ఉంది. మనిషి లేడు. ఫణిగిరి నుంచి పోయిన పిల్లవాడు అక్కడ తలెత్తి చూస్తే ఏమనుకుంటాడో నాకు తెలుసుకోవాలని ఉంది. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని నేను అనడం లేదు. దానికి ఆధారం లేదు. రెండు చోట్లా రాజు లేనప్పుడు రాజుకు గుర్తు సింహాసనమే. కనబడని వాణ్ని చూపించాల్సి వచ్చినప్పుడు ఇద్దరి చెయ్యీ దాని మీదికే పోయింది.

రవెన్నాలో నాకు ఇంకా ఇష్టమైనది సాంత్ అపొలినారె నువోవోలో రాజభవనం బొమ్మ. థియొడొరిక్ కట్టించినప్పుడు ఆ స్తంభాల మధ్య మనుషులు నిలబడి ఉండేవారు. గోత్‌ల రాజ్యం పోయి, ఏరియన్లు మతభ్రష్టులన్న మాట గెలిచాక, ఆ మనుషుల్ని తీసేసి తెరలు పెట్టారు. కానీ స్తంభాల మీదికొచ్చిన చేతులను తీయడం కుదరలేదు. ఇప్పటికీ స్తంభాలకు అతుక్కుని మనిషి లేని చేతులున్నాయి. ప్రభుత్వం మారగానే శిలాఫలకం మీద పేరు చెక్కి తీసేయించడం చూసిన పిల్లలకు ఇందులో అర్థం కానిదేమీ లేదు. సాన్ విటాలే చర్చిలో బైజాంటియం చక్రవర్తి జస్టీనియన్, రాణి థియొడొరా పరివారంతో నిలబడి ఉంటారు. ఆ చర్చిని 547లో ప్రతిష్ఠించారు. జస్టీనియన్ రవెన్నాకు ఎప్పుడూ రాలేదు. ఫ్లెక్సీ కట్టించుకోవడానికి ఊరికి రావాల్సిన పని లేదన్నమాట.

ఇప్పుడు తల్లిదండ్రుల సంగతి. "గంత దూరం తీస్కపోయి చర్చిలే సూపిస్తరా మేడం? పైసలు పెట్టినంక ఐఫిల్ టవర్ సూడకుంటే ఎట్ల?" అని ఒకాయన అడిగారు. కోపం రాలేదు. రెండు లక్షల పైచిలుకు పెట్టేవాళ్లు అడగకుండా ఎట్లా ఉంటారు? విహారం కావాలంటే విహారయాత్ర వేసుకుందాం, అందులో తప్పు లేదు. కాకపోతే దానికి చదువు అని పేరు పెట్టొద్దన్నాను. ఇంకొందరి అనుమానం వేరు. పిల్లల్ని మతంలోకి లాగుతారా అని. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్లినప్పుడు క్రైస్తవ పిల్లలూ ముస్లిం పిల్లలూ వచ్చారు, స్తంభాలు లెక్కపెట్టారు, నీడ ఎటు పడుతుందో గీసుకున్నారు, ఇంటికొచ్చారు. ఇదీ అంతే. ప్రోగ్రాంలో ప్రార్థన ఉండదు. పోప్ గారి దర్శనం పెట్టండి, అక్కడిదాకా పోయి అది లేకపోతే ఎట్లా అన్నవాళ్లకూ ఇదే జవాబు చెప్పాను. ఆదివారం చర్చికి పోవాలనుకునే పిల్లలుంటే ఒక టీచరు తోడు పోతారు. అది వాళ్ల సొంత పని.

అసలైన ప్రశ్న ఒక పాస్టర్ గారబ్బాయి అడిగాడు. "మా చర్చిల ఒక్క బొమ్మ గూడ లేదు మేడం. మరి వాళ్లెట్ల పెట్టుకున్నరు?" మన నల్గొండలో బాప్టిస్టు మిషన్, పాలమూరులో మెనోనైట్ మిషన్ కట్టిన చర్చిలు చూడండి. సున్నం గోడలు, ఒట్టి సిలువ. ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) చర్చికి పోతే విగ్రహాలు. పక్కపక్క వీధుల్లోనే ఇద్దరున్నారు. ఈ తగువు చాలా పాతది. 600 ప్రాంతంలో మార్సెయ్ బిషప్ చర్చిలో బొమ్మలు పగలగొట్టిస్తే, పోప్ గ్రెగరీ ఉత్తరం రాశాడు. బొమ్మను పూజించొద్దు, నిజమే, కానీ చదువురాని వాళ్లు గోడ మీద చదువుకునేది దాన్నే, ఎందుకు పగలగొట్టావు అని. ఎనిమిదో శతాబ్దంలో బైజాంటియంలో చక్రవర్తులే బొమ్మలు తీయించారు, 787లో సభ పెట్టి మళ్లీ పెట్టించారు, మళ్లీ తీయించారు, 843లో గానీ గొడవ తీరలేదు. పదహారో శతాబ్దంలో ప్రొటెస్టెంటు సంస్కరణవాదులు ఉత్తర యూరప్‌లో మళ్లీ గోడలకు సున్నం వేశారు. మా పాస్టర్ గారబ్బాయి చర్చి గోడ ఆ సున్నానికి వారసురాలు. అంటే ఈ యాత్ర క్రైస్తవ పిల్లలకు తెలిసిన ఇంటికి పోవడం కాదు. కొందరికి హిందూ పిల్లలకంటే ఎక్కువ కొత్త.

మైకెలాంజిలోను పూర్తిగా వదిలేయమంటే మేనేజ్‌మెంటు ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. 1508 నుంచి 1512 దాకా గీసిన వాటికన్ సిస్టీన్ చాపెల్ పైకప్పును అక్కడిదాకా పోయి చూడకుండా రావడం మొండితనం. కానీ చివరి రోజు పెట్టాలి. అదే వాటికన్ మ్యూజియంలో పియో క్రిస్టియానో విభాగం ఉంది, తొలి క్రైస్తవ శవపేటికలూ, పాలరాతి మంచి కాపరీ అక్కడే. జనం పెద్దగా ఉండరు, అందరూ సిస్టీన్ వైపు పరుగెడుతుంటారు. ముందు ఆ కాపరిని చూసి, తర్వాత సిస్టీన్ గోడ మీద మైకెలాంజిలోనే గీసిన, 1541లో పూర్తయిన 'చివరి తీర్పు' కింద నిలబడాలి. అక్కడ క్రీస్తు మళ్లీ గడ్డం లేకుండా, అపోలోలా కండలు తిరిగి ఉంటాడు. పన్నెండు వందల ఏళ్లు తిరిగి చెయ్యి మళ్లీ పాత గ్రీకు బొమ్మ మీదికే పోయింది. తొలి రోజే దాన్ని చూపిస్తే పిల్లలకు అది పెద్ద బొమ్మ, అంతే.

వదిలేసిన వాటిలో నాకు బాధగా ఉన్నది పాదువా. 1305కల్లా జొట్టో పూర్తి చేసిన స్క్రొవెన్యి చాపెల్. గోడల మీద గళ్లు గళ్లుగా కథ నడుస్తుంది, చేర్యాల పటం తెలిసిన పిల్లలు దాన్ని ఇట్టే చదివేస్తారు. కానీ ఇంకో ఊరు, ఇంకో హోటలు. మనసు చంపుకుని కొట్టేశాను. ఫ్లోరెన్స్ కొట్టేసినప్పుడు అంత బాధ లేదు.

కాగితాల పని గురించి క్లుప్తంగా. ఇటలీ వీసా అంటే షెంగెన్ వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. మైనర్లకు తల్లీ తండ్రీ ఇద్దరి సమ్మతి కావాలి, 30,000 యూరోల వైద్య బీమా కావాలి. తండ్రి దుబాయిలో ఉంటే ఆయన సంతకం తెప్పించడమే ఒక యజ్ఞం. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బర్త్ సర్టిఫికెట్‌లో వెనక, ఇంకోదాంట్లో అసలే లేదు. ఇవి ముందే సరిచేయకపోతే చివరి నెలలో ఏడుపులే. తిండి గురించి అమ్మలు భయపడుతున్నంత లేదు. ఊరగాయ సీసా సూట్‌కేసులో పెట్టండి, చేతి సంచిలో వద్దు.

చూసే పద్ధతి ఒకటే పెట్టాను. రోజుకు మూడు చోట్లకు మించొద్దు. ప్రతిచోటా ముందు నోట్‌బుక్‌లో గీయాలి, బాగా రాకపోయినా సరే. గైడు మాట్లాడేది ఆ తర్వాతే. రవెన్నాలోని గల్లా ప్లచీదియా సమాధి మందిరంలో రద్దీ ఉంటే ఐదు నిమిషాలే ఉండనిస్తారు. నీలం గుమ్మటం నిండా బంగారు చుక్కలు, వెలుగు చొరబడే అలబాస్టర్ రాతి పలకల కిటికీల్లోంచి తేనెరంగు వెలుగు, కళ్లు చీకటికి అలవాటు పడేసరికే టైం అయిపోతుంది. అందుకే ఏ గోడ మీద ఏముందో ఇక్కడే నేర్చుకుని పోవాలి. రంగు గాజు కిటికీ అంటే ఏంటో కూడా ఇక్కడే తెలుసుకోవచ్చు. మెదక్ చర్చికి పొద్దుగల పోతే చాలు. 1924లో పూర్తయిన ఆ చర్చిలో ఏసు జననం, సిలువ, ఆరోహణం మూడు కిటికీల్లో ఉన్నాయి. రాత్రి పోతే నల్ల గాజే.

ఈ వ్యవహారంలో నాకు జవాబు దొరకని చోటు ఒకటే. క్లాసులో ఎక్కువమంది రాలేరు. రెండు లక్షలు ఏ ఇంట్లో ఊరికే ఉంటాయి? పోలేని పిల్లలు పోయినవాళ్ల ఫొటోలు చూసి చప్పట్లు కొట్టే కార్యక్రమం పెడతానంటే నేను రాను. ప్రశ్న ఇద్దరికీ ఒకటే కావాలి, పరీక్ష ఒకటే కావాలి. ఖాళీ సింహాసనం గురించి ఫణిగిరి మాత్రమే చూసిన అమ్మాయి రాసింది, రవెన్నా చూసొచ్చిన అబ్బాయి రాసిందానికంటే బాగుంటే నాకు ఆశ్చర్యం లేదు. నిజంగా డబ్బు చాలక ఏదో ఒకటి రద్దు చేయాల్సి వస్తే ఇటలీ రద్దు చేయండి, ఫణిగిరి చేయకండి అని మీటింగులోనే చెప్పాను. దసరా సెలవుల లోపు ఒక శనివారం క్లాసు మొత్తానికీ స్కూలు బస్సు ఇవ్వమన్నాను. డీజిల్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర ఆ ఫైలు ఆగింది. ఇటలీకి అడ్వాన్సు మాత్రం సోమవారం నుంచి కట్టించుకుంటున్నారు.